హైదరాబాదు సంస్థానపు రక్షణ సన్నాహాలు (1947–1948)

హైదరాబాదు సంస్థానపు రక్షణ సన్నాహాలు అనగా 1947 ఆగస్టు నుండి 1948 సెప్టెంబరు వరకు, అనగా భారత స్వాతంత్ర్యానికీ పోలీసు చర్యకూ నడుమ గల పదమూడు నెలల కాలంలో, నిజాం ప్రభుత్వం తన సరిహద్దుల రక్షణకై చేసిన సైనిక, దౌత్య, ఆర్థిక ఏర్పాట్లు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారతదేశంలో గాని, పాకిస్తానులో గాని చేరక, స్వతంత్రంగాను, ఆ రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చినచో తటస్థంగాను ఉండదలచాడు. నలువైపులా భారత భూభాగంతో చుట్టబడి, సముద్రతీరం లేని ఈ రాజ్యం ఆ తటస్థతను నిలుపుకొనుటకు సైన్యాన్ని విస్తరించింది, విదేశాలనుండి రహస్యంగా ఆయుధాలు తెప్పించింది, ఐక్యరాజ్య సమితిని ఆశ్రయించింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించిన తరువాత ఈ ఏర్పాట్లు అయిదు రోజులు మాత్రమే నిలిచినవి.

నేపథ్యం

18వ శతాబ్దపు మధ్యకాలంలో నిజాం రాజ్యం బంగాళాఖాతం వరకు వ్యాపించి ఉండేది. కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కారులు దాని తీర ప్రాంతాలు. నేటి శ్రీకాకుళం, ఎచ్చెర్ల ప్రాంతాలు ఈ చికాకోల్ సర్కారులోనివే. శ్రీకాకుళం పట్టణం నిజాం తరఫున పాలించిన ఫౌజుదారులకు కేంద్రంగా ఉండేది. సలాబత్ జంగ్ 1753లో ఈ సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యపు ఖర్చుల నిమిత్తం అప్పగించాడు. ఫ్రెంచివారి ఓటమి తరువాత 1766, 1768 సంవత్సరాల సంధుల ద్వారా అవి ఈస్టిండియా కంపెనీ అధీనమయ్యాయి. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. ఈ సర్కారులకై కంపెనీ చెల్లిస్తూ వచ్చిన పేష్కషు 1823లో ఏకమొత్తపు చెల్లింపుతో ముగిసింది. ఆ విధంగా నిజాం రాజ్యం సముద్రాన్ని శాశ్వతంగా కోల్పోయినది. ఈ లోటు 1948 నాటి రక్షణ సమస్యలన్నిటికీ మూలం.

రెండవ నిజాం కాలంలో ఫ్రెంచి సేనాని రేమండ్ సుమారు 14 వేలమంది సైనికులకు ఐరోపా పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. ఫిరంగులు పోతపోసే కర్మాగారం కూడ ఆ కాలంలో పనిచేసింది. హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు దీనివలననే వచ్చినది. రేమండ్ 1798లో మరణించాడు. అదే సంవత్సరం నిజాం బ్రిటిషువారితో సైన్య సహకార ఒడంబడిక చేసుకొనగా ఫ్రెంచి దళం రద్దయింది. అప్పటినుండి రాజ్య రక్షణ బాధ్యత కంపెనీ సేనలది, వాటి ఖర్చు నిజాంది అయినది. ఈ ఖర్చు క్రింద 1800లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు దత్తమండలాలుగాను, 1853లో బీరారు హైదరాబాదు కాంటింజెంటు సైన్యపు బాకీ క్రిందను బ్రిటిషువారి చేతికి పోయినవి. సికిందరాబాదు, బొల్లారం కంటోన్మెంట్లు ఈ ఏర్పాటు ఫలితాలు. కాంటింజెంటు 1903లో బ్రిటిషు భారత సైన్యంలో విలీనమైనది. దాని వారసత్వం గల 19వ హైదరాబాదు రెజిమెంటుకు 1945లో కుమావూ రెజిమెంటు అని పేరు మారినది.

ఈ చరిత్ర ఫలితంగా 1947 నాటికి హైదరాబాదుకు సొంత సైన్యం ఉన్నప్పటికీ, దేశ సరిహద్దులను ఒంటరిగా కాపాడిన అనుభవం ఒకటిన్నర శతాబ్దాలుగా లేదు.

తటస్థత ప్రతిపాదన

బ్రిటిషు సార్వభౌమాధికారం తొలగిపోవుటతో తాను స్వతంత్ర పాలకుడనగుదునని, భారత, పాకిస్తాను రాజ్యాంగ సభలలో దేనికీ ప్రతినిధులను పంపనని నిజాం 1947 జూన్‌లో ఫర్మానా జారీ చేశాడు. అదే సంవత్సరం ఆగస్టులో వైస్రాయి మౌంట్‌బాటెన్‌కు వ్రాసిన లేఖలో, భారతదేశంలో చేరుటకు బదులు ఒక ఒడంబడిక చేసుకొందునని ప్రతిపాదించాడు. రక్షణ, రవాణా, విదేశాంగ విషయాలలో భారతదేశంతో సహకరించుట దీని సారాంశం. అయితే భారత, పాకిస్తానుల మధ్య యుద్ధం సంభవించినచో హైదరాబాదు తటస్థంగా ఉండవలెనన్నది అందులోని ముఖ్యమైన షరతు. దేశ మధ్యభాగంలో గల ఒక సంస్థానం తటస్థంగా ఉండుటను భారత ప్రభుత్వం అంగీకరించలేదు.

చర్చలు నిజాం తరఫున ఛత్తారీ నవాబు, రాజ్యాంగ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, అలీ యావర్ జంగ్ జరిపారు. కుదిరిన ముసాయిదాను తీసుకొని వారు ఢిల్లీకి బయలుదేరవలసి ఉండగా, 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున మజ్లిస్-ఇత్తెహాదుల్-ముస్లిమీన్ అనుచరులు వారి నివాసాలను చుట్టుముట్టి ప్రయాణాన్ని ఆపివేశారు. ఛత్తారీ రాజీనామా చేశాడు. చివరకు 1947 నవంబరు 29న ఒక సంవత్సర కాలానికి యథాతథ ఒప్పందం కుదిరినది. పారిశ్రామికవేత్త అయిన మీర్ లాయక్ అలీ ప్రధానమంత్రి అయ్యాడు. భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా కె.ఎం.మున్షీ 1948 జనవరిలో హైదరాబాదు చేరాడు.

యథాతథ ఒప్పందానికి అనుబంధంగా సికిందరాబాదులోని భారత సేనలు 1948 ఆరంభంలో ఉపసంహరించబడినవి. సంస్థానపు నడిబొడ్డున పరాయి సైన్యం లేకుండుట 1798 తరువాత ఇదే మొదటిసారి. రక్షణ ప్రణాళికకు నిజాం ప్రభుత్వానికి లభించిన అవకాశం ఈ ఉపసంహరణతో మొదలై ఏడెనిమిది నెలలు మాత్రమే సాగినది.

భౌగోళిక పరిస్థితి

సంస్థానపు వైశాల్యం సుమారు 82,700 చదరపు మైళ్ళు. 1941 జనాభా లెక్కల ప్రకారం జనసంఖ్య ఒక కోటి అరవైమూడు లక్షలు. పదహారు జిల్లాలలో ఎనిమిది తెలుగు, అయిదు మరాఠీ, మూడు కన్నడ జిల్లాలు. చుట్టూ బొంబాయి, మద్రాసు రాష్ట్రాలు, మధ్య పరగణాలు-బీరారు ఉండేవి.

దక్షిణాన కృష్ణా, తుంగభద్రలు, ఈశాన్యాన ప్రాణహిత, గోదావరులు సహజమైన హద్దులు. వర్షాకాలంలో ఈ నదులను దాటుటకు వంతెనలు తప్ప మార్గాలు తక్కువ. అయితే రెండు దిక్కులలో ఇటువంటి అడ్డంకి లేదు. పశ్చిమాన షోలాపూరు నుండి నల్‌దుర్గ్, హుమ్నాబాదు, జహీరాబాదు మీదుగా హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్ల రహదారి దక్కను పీఠభూమిపై వచ్చుచున్నది. తూర్పున బెజవాడ నుండి కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, చిట్యాల మీదుగా సుమారు 270 కిలోమీటర్ల రహదారి కలదు. ఇది కృష్ణకు ఉత్తరపు గట్టునే సాగుటవలన పెద్ద నదిని దాటే అవసరం లేకుండ సంస్థానంలో ప్రవేశించవచ్చును. ఈ మార్గంలో ముఖ్యమైన నీటి అడ్డంకి సూర్యాపేట తరువాత వచ్చే మూసీ మాత్రమే.

వీటికి తోడు సంస్థానపు హద్దుల లోపల భారత భూభాగపు తునకలు ఉండేవి. కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా నల్గొండ జిల్లా గ్రామాల నడుమ ఉండేది. షోలాపూరు జిల్లాలోని బార్సీ ప్రాంతంలోను హద్దులు ఒకదానిలో ఒకటి చొచ్చుకొని ఉండేవి. 1948 జూలైలో బార్సీ సమీపాన నానజ్ గ్రామం వద్ద భారత సేనలపై జరిగిన దాడి ఇటువంటి చిక్కు సరిహద్దులవల్ల వచ్చిన ఘర్షణలలో ఒకటి. మద్రాసు-ఢిల్లీ ప్రధాన రైలు మార్గం కాజీపేట మీదుగా పోవుటవలన సంస్థానాన్ని పక్కనపెట్టుట భారతదేశానికీ సాధ్యం కాలేదు.

సైనిక బలగం

క్రమబద్ధ సైన్యం

హైదరాబాదు సైన్యానికి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఇద్రూస్ సేనాధిపతి. ఈ సైన్యానికి ప్రపంచ యుద్ధాల అనుభవం లేకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు లాన్సర్లు మైసూరు, జోధ్‌పూరు దళాలతో కలిసి సూయజ్ కాలువ, పాలస్తీనా రంగాలలో పనిచేశారు. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకంలో ఒక విగ్రహం వీరిది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1వ హైదరాబాదు పదాతి దళం మలయాలోని కోట భారు విమానాశ్రయ రక్షణలో ఉండి 1941 డిసెంబరులో జపానువారి దాడిని ఎదుర్కొన్నది. నిజాం విరాళాల గుర్తుగా బ్రిటిషు వైమానిక దళంలో హైదరాబాదు పేరుగల స్క్వాడ్రన్లు ఉండేవి. కాని ఆ విమానాలు బ్రిటనువి, నిజాంకు చెందినవి కావు.

1948 నాటి సైన్యపు సంఖ్యను 22 నుండి 25 వేల వరకు చెప్పుదురు. ఇందులో పూర్తి శిక్షణ, ఆయుధాలు గలవారు కొద్ది వేలమంది మాత్రమేనని భారత సైన్యపు అంచనా. బలగాలు ఈ విధంగా ఉండేవి:

* సాయుధ వాహనాలు గల మూడు రెజిమెంట్లు. వీరికి హంబర్, స్టాగ్‌హౌండ్ రకం కవచపు కార్లు ఉండేవి.
* ఒక అశ్విక దళం.
* పదకొండు పదాతి దళ బెటాలియన్లు.
* ఫిరంగి దళం.

యుద్ధ విమానాలు గాని, ట్యాంకులు గాని లేవు. దక్కను ఎయిర్‌వేస్ సంస్థకు ఉన్నవి ప్రయాణీకుల విమానాలు.

అక్రమబద్ధ దళాలు

సర్ఫ్-ఎ-ఖాస్, పాయిగా జాగీరుల దళాలు, అరబ్బు దళాలు, ఇతర ప్రాంతాలనుండి వచ్చిన శరణార్థులతో ఏర్పరచిన దళం క్రమబద్ధ సైన్యానికి వెలుపల ఉండేవి. వీరిలో పలువురిది తరతరాల కొలువు. నగరంలో ఏ.సీ.గార్డ్స్, ఫస్ట్ లాన్సర్, బార్కాస్ పేటల పేర్లు ఇటువంటి దళాల నివాసాలనుండి వచ్చినవే. ఏ.సీ.గార్డ్స్ అనగా ఆఫ్రికా సంతతి అశ్విక అంగరక్షకులు. ఉత్సవాలలోను, కోటల కాపలాలోను వీరు ఉపయోగపడిరి గాని, ఆధునిక యుద్ధంలో వీరి విలువ స్వల్పం.

రజాకార్లు

మజ్లిస్ సంస్థ 1927లో ఏర్పడినది. దాని ప్రసిద్ధ నాయకుడు బహాదుర్ యార్ జంగ్ 1944లో మరణించగా, 1946లో లాతూరు న్యాయవాది కాసిం రజ్వీ నాయకత్వం చేపట్టాడు. అతని స్వచ్ఛంద సేన అయిన రజాకార్ల సంఖ్యను రెండు లక్షల వరకు చెప్పుదురు. వీరిలో సుమారు నాలుగవ వంతు మందికి మాత్రమే ఆధునిక తుపాకులు ఉండేవి. మిగిలినవారివి నాటు తుపాకులు, కత్తులు, బల్లెములు. వీరు సేనాధిపతి ఆజ్ఞలకు లోబడినవారు కారు. రజ్వీ మాటయే వీరికి ఆజ్ఞ. ఒకే దేశ రక్షణకు రెండు వేర్వేరు నాయకత్వాలు ఏర్పడుట ప్రణాళికలోని తొలి లోపం.

ఆయుధ సమీకరణ

సంస్థానాల సైన్యాలకు ఆయుధాలు, మందుగుండు బ్రిటిషు ప్రభుత్వం ద్వారానే వచ్చేవి. 1947 తరువాత ఆ స్థానంలోకి భారత ప్రభుత్వం వచ్చినది. యథాతథ ఒప్పందం ప్రకారం ఆయుధాలు సరఫరా చేయవలెనని లాయక్ అలీ కోరాడు. ఆ ఆయుధాలు రజాకార్ల చేతికి పోవునన్న అనుమానంతో భారత ప్రభుత్వం సరఫరా చేయలేదు. ఎదిరించదలచిన దేశం వద్దనే ఆయుధాలు అడుగవలసి వచ్చుట హైదరాబాదు దుస్థితికి నిదర్శనం.

దీనితో నిజాం ప్రభుత్వం ఇతర మార్గాలు వెదికినది. 1948 మధ్యభాగంలో ఆస్ట్రేలియా దేశపు వైమానికుడు సిడ్నీ కాటన్ లాంకాస్ట్రియన్ రకం విమానాలలో కరాచీ నుండి ఆయుధాలు చేరవేయ నారంభించాడు. ఈ విమానాలు రాత్రివేళ భారత గగనతలం మీదుగా ఎగిరి బీదరు, వరంగల్ విమానాశ్రయాలలో దిగేవి. ఈ పనికిగాను తరువాత బ్రిటనులో కాటన్‌పై కేసు నడచి జరిమానా పడినది. ఈ విధంగా వచ్చినవి ప్రధానంగా తుపాకులు, మందుగుండు వంటి చిన్న ఆయుధాలు. విమాన విధ్వంసక బలగం, ట్యాంకులు, వానికి తగిన ఇంధనం వాయుమార్గాన తెచ్చుట అసాధ్యం. పోర్చుగీసు గోవాలోని మార్మగోవా రేవును పొందవలెనన్న ఆలోచనలు కూడ ఫలించలేదు.

ఆర్థిక ఏర్పాట్లు

హైదరాబాదుకు సొంత నాణెం (హాలీ సిక్కా), సొంత రైల్వే, సొంత తపాలా ఉండేవి. ఒప్పందం కుదిరిన కొద్దికాలానికే ప్రభుత్వం విలువైన లోహాల ఎగుమతిని నిషేధించింది. సంస్థానంలో భారత నాణెపు చెలామణిని ఆపివేసింది. తనవద్దగల భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చుటకు నిర్ణయించింది. వీటిని భారత ప్రభుత్వం ఒప్పందపు ఉల్లంఘనలుగా పరిగణించినది. తమకు రావలసిన సరుకులను సరిహద్దులలో ఆపివేయుచున్నారని హైదరాబాదు ప్రభుత్వం ఎదురు ఫిర్యాదు చేసినది. పెట్రోలు, ఉప్పు, మందులకు కొరత ఏర్పడినది. పెట్రోలు కొరత సామాన్యులతోపాటు కవచపు కార్లపై ఆధారపడిన సైన్యానికీ దెబ్బయే.

అంతర్గత భద్రత

సరిహద్దుల కాపలాకు కావలసిన సైన్యంలో కొంతభాగం గ్రామాలలో చిక్కుకొని ఉన్నది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో ఉధృతమైన తెలంగాణ సాయుధ పోరాటం నల్గొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాలకు వ్యాపించినది. సుమారు మూడు వేల గ్రామాలలో తమ పాలన ఏర్పడినదని కమ్యూనిస్టులు ప్రకటించారు. ఇవి బెజవాడ రహదారికి ఇరుపక్కల గల ప్రాంతాలే. స్వామి రామానంద తీర్థ నాయకత్వాన స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం జరిపింది. సరిహద్దులకు ఆవల కాంగ్రెసు శిబిరాలు వెలిసి అక్కడినుండి దాడులు సాగినవి.

1948లో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధాన్ని ఎత్తివేసినది. భారత ప్రభుత్వానికి వ్యతిరేకంగా వారి మద్దతు లభించునన్న ఆశ దీనికి కారణమని విమర్శకుల అభిప్రాయం. గ్రామాలలో పోరాటం మాత్రం ఆగలేదు.

రజాకార్ల దాడులవలన వేలాది కుటుంబాలు కృష్ణా, గుంటూరు, కర్నూలు, షోలాపూరు జిల్లాలకు వలసపోయినవి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి గ్రామంపై జరిగిన దాడిలో పెక్కుమంది గ్రామస్థులు కాల్చి చంపబడిరి. భారతదేశంలో విలీనాన్ని సమర్థించిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ అదే నెలలో హైదరాబాదు నగరంలో హత్యకు గురయ్యాడు. జనాభాలో ఎనభై శాతానికి పైగా ఉన్న హిందువులు, భిన్నాభిప్రాయం గల ముస్లిములు కూడ ప్రభుత్వానికి దూరమయ్యారు. ప్రజలను భయపెట్టిన సేనయే ఆ ప్రజల దేశాన్ని రక్షించవలసిన సేన అగుట ఈ కాలపు విషాదం.

రక్షణ వ్యూహం

హైదరాబాదు వ్యూహంలో మూడు అంశాలు కానవచ్చుచున్నవి.

1. ప్రధాన మార్గాలలో ఆలస్యం కలిగించుట: పశ్చిమాన నల్‌దుర్గ్ కోట, అక్కడి బోరీ నదిపై వంతెన ముఖ్యమైన స్థానాలు. తూర్పున కోదాడ-సూర్యాపేట మార్గంలో 2వ, 4వ లాన్సర్ల కవచపు కార్లు ఉంచబడినవి. వంతెనలను పేల్చివేయుట, రహదారులపై మందుపాతరలు అమర్చుట ద్వారా శత్రువును ఆపవలెనని ఆలోచన. వర్షాకాలంలో పొంగే వాగులు ఇందుకు తోడ్పడునని భావించారు.

2. అక్రమబద్ధ దళాల ప్రతిఘటన: సైన్యం వెనుదిరిగినచో రజాకార్లు గ్రామాలలో, పట్టణాలలో పోరాటం కొనసాగించవలెను. రజ్వీ ప్రసంగాలు ఈ ఆశను చాలా పెంచినవి.

3. అంతర్జాతీయ జోక్యం: కొన్ని వారాలు నిలిచినచో ఐక్యరాజ్య సమితి గాని, పాకిస్తాను గాని కల్పించుకొనునని నాయకులు నమ్మిరి. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతా సమితికి ఫిర్యాదు పంపినది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ప్రతినిధి వర్గం విదేశాలకు వెళ్ళినది.

మొదటి రెండు అంశాలు మూడవదానికి సమయం సంపాదించుటకై ఉద్దేశించినవే. భారత సైన్యాన్ని ఓడించగలమని సేనాధిపతి ఎల్ ఇద్రూస్ ఎన్నడూ భావించలేదు. తన సైన్యం దీర్ఘకాలం నిలువలేదని అతడు ప్రభుత్వానికి తెలిపినట్లు అతని జ్ఞాపకాలనుబట్టి తెలియుచున్నది. అయినను రాజకీయ నిర్ణయం సైనిక అంచనాను అనుసరించలేదు. మౌంట్‌బాటెన్ 1948 జూన్ 21న పదవి వీడి వెళ్ళుటకు ముందు తయారైన ఒప్పందపు ముసాయిదాను నిజాం ప్రభుత్వం తిరస్కరించినది. స్వయంప్రతిపత్తితో కూడిన రాజీకి అది చివరి అవకాశం.

భారత సైన్యపు ప్రణాళిక

దక్షిణ కమాండు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఇ.ఎన్.గొడార్డ్ కాలంలోనే భారత సైన్యం ఒక ప్రణాళిక తయారు చేసినది. షోలాపూరు నుండి ప్రధాన దాడి, బెజవాడ నుండి రెండవ దాడి, మిగిలిన సరిహద్దులలో చిన్న దళాలతో శత్రువును కదలనీయకుండ చేయుట దీని రూపం. గొడార్డ్ తరువాత వచ్చిన లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహ్‌జీ దీనిని అమలుపరచాడు. పశ్చిమ దళాలకు మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి, తూర్పు దళాలకు మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర నాయకత్వం వహించారు. దీనికి ఆపరేషన్ పోలో అని పేరు. భౌగోళిక స్థితినిబట్టి ఈ రెండు మార్గాలను హైదరాబాదు సేనానులు కూడ ముందుగా ఊహించినవే. కాని రెండింటినీ ఒకేసారి కాపాడుటకు చాలినంత సైన్యం వారికి లేదు.

అయిదు రోజుల పరీక్ష

పాకిస్తాను గవర్నర్ జనరల్ మహమ్మదలీ జిన్నా సెప్టెంబరు 11న మరణించాడు. సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సేనలు సంస్థానంలో ప్రవేశించినవి.

* సెప్టెంబరు 13: నల్‌దుర్గ్ వంతెన పేల్చివేతకు గురికాకముందే భారత సేనల వశమైనది. పశ్చిమ రక్షణలో కీలకమైన ఈ స్థానం మొదటి రోజే పోయినది. తుల్జాపూరు వద్ద హైదరాబాదు పదాతి సైనికులు, రజాకార్లు సుమారు రెండు గంటలు పోరాడారు. తూర్పున ఉదయమే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల భారత సైన్యం చేతికి వచ్చినవి. దక్షిణాన తుంగభద్రపై వంతెన కూడ పట్టుబడినది.
* సెప్టెంబరు 14: టెంపెస్ట్ విమానాల సాయంతో పశ్చిమ దళాలు ఉమర్గా దాటి రాజేశ్వరం చేరినవి. గగనతలంలో ఎదురులేకపోవుటవలన హైదరాబాదు స్థావరాలు పగటివేళ నిలువలేకపోయినవి.
* సెప్టెంబరు 15: సూర్యాపేట లొంగినది. వెనుదిరిగిన సేనలు మూసీపై వంతెనను పేల్చివేసినవి. కాని ఆవలి ఒడ్డునుండి కాల్పులు జరిపి మరమ్మతును అడ్డగించలేదు. వంతెన త్వరలోనే బాగుపడినది. జాల్నా వద్ద గట్టి ప్రతిఘటన ఎదురైనది.
* సెప్టెంబరు 16: జహీరాబాదు వద్ద మందుపాతరలు పశ్చిమ దళాన్ని కొంతసేపు ఆపినవి. అదే రోజు పారిస్‌లో సమావేశమైన భద్రతా సమితి హైదరాబాదు ఫిర్యాదును చేపట్టినది.
* సెప్టెంబరు 17: భారత సేనలు బీదరులో ప్రవేశించినవి. తూర్పు దళాలు రాజధానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని చిట్యాల చేరినవి. లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసినది. సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు.

సెప్టెంబరు 18 సాయంత్రం ఎల్ ఇద్రూస్ తన సైన్యాన్ని జె.ఎన్.చౌధురికి లొంగదీసాడు. సెప్టెంబరు 22న నిజాం భద్రతా సమితికి తంతి పంపి ఫిర్యాదును ఉపసంహరించుకొన్నాడు.

వైఫల్యానికి కారణాలు

మూసీ వంతెన ఉదంతం మొత్తం ప్రణాళికకు ఉదాహరణగా చెప్పదగినది. అడ్డంకిని కల్పించుటయే రక్షణ కాదు, ఆ అడ్డంకిని తుపాకులతో కాపాడవలెను. అందుకు కావలసిన సైనికులు, ఫిరంగులు, విమాన రక్షణ హైదరాబాదుకు లేవు. చరిత్రకారులు సాధారణంగా పేర్కొనే ఇతర కారణాలు:

* సముద్రతీరం, ఆయుధ పరిశ్రమ లేకపోవుట.
* సైన్యానికీ రజాకార్లకూ ఏక నాయకత్వం లేకపోవుట.
* గ్రామాలలో పోరాటం వలన బలగాలు చెదరిపోవుట.
* విదేశీ సహాయంపై అతిగా ఆశపెట్టుకొనుట.
* ప్రజలలో అధిక సంఖ్యాకుల మద్దతు లేకపోవుట.

ఇతర తటస్థ దేశాలతో పోల్చినచో ఈ విషయం మరింత స్పష్టమగును. బెల్జియం తటస్థతకు 1839 లండన్ ఒప్పందం ద్వారా పెద్ద రాజ్యాల హామీ ఉండేది. లీజ్, నామూర్ నగరాల చుట్టూ కోటలు కట్టుకొన్నను 1914లో జర్మనీ దండయాత్రను అది ఆపలేకపోయినది, కాని హామీ ఇచ్చిన బ్రిటన్ యుద్ధంలో దిగినది. స్విట్జర్లాండు 1940లో ఆల్ప్స్ పర్వతాలలోని దుర్గమ ప్రాంతాన్ని తుది స్థావరంగా ఎంచుకొన్నది. అక్కడ పౌరులే సైనికులు. హైదరాబాదుకు అటువంటి ఒప్పందపు హామీ లేదు, పర్వతాలు లేవు, పౌర సైన్యమూ లేదు. 1926లోనే వైస్రాయి రీడింగ్ నిజాంకు వ్రాసిన లేఖలో బ్రిటిషు సార్వభౌమాధికారమే సర్వోన్నతమని స్పష్టం చేశాడు. 1947లో స్వతంత్ర హైదరాబాదును గుర్తించుటకు ఆ బ్రిటన్ కూడ సిద్ధపడలేదు.

అనంతర పరిణామాలు

జె.ఎన్.చౌధురి సైనిక గవర్నరుగా 1949 చివరివరకు పాలించాడు. హైదరాబాదు సైన్యం రద్దు చేయబడినది. నిజాం 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు. లాయక్ అలీ గృహనిర్బంధం నుండి తప్పించుకొని 1950లో పాకిస్తాను చేరాడు. కాసిం రజ్వీ జైలుశిక్ష అనుభవించి 1957లో విడుదలై పాకిస్తానుకు వెళ్ళాడు. 1956 నవంబరు 1న తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోను, మిగిలినవి బొంబాయి, మైసూరు రాష్ట్రాలలోను కలిసినవి. తెలుగు జిల్లాలు 2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణ రాష్ట్రంలో భాగమయ్యాయి.

సైనిక చర్య త్వరగా ముగిసినను సామాన్యుల కష్టాలు ముగియలేదు. సైన్య ప్రవేశ సమయంలోను, తరువాతను, ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాలలో ముస్లిములపై పెద్ద ఎత్తున హింస జరిగినది. ప్రధాని నెహ్రూ నియమించిన పండిత్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలలలో పర్యటించి, తక్కువ అంచనాలో 27 నుండి 40 వేల మంది మరణించారని నివేదించినది. ఈ నివేదిక 2013 వరకు సామాన్య ప్రజలకు అందుబాటులోకి రాలేదు. అంతకుముందు రజాకార్ల చేతిలో హతులైనవారు, తరువాత ప్రతీకారానికి బలైనవారు, ఇరువురూ అధికంగా ఆయుధం పట్టనివారే. వీరెవరినీ కాపాడు ఏర్పాటు ఆ రక్షణ ప్రణాళికలో లేదు.

సెప్టెంబరు 17వ తేదీని కొందరు విమోచన దినంగాను, కొందరు విలీన దినంగాను, మరికొందరు సమైక్యతా దినంగాను జరుపుకొందురు. భారత ప్రభుత్వం దీనిని పోలీసు చర్య అని వ్యవహరించినది. ఈ కాలాన్ని గూర్చి భారత రక్షణ శాఖ అధికారిక చరిత్ర 1972లో వెలువడినది. లాయక్ అలీ, ఎల్ ఇద్రూస్, కె.ఎం.మున్షీ, వి.పి.మీనన్‌లు తమతమ దృక్పథాలతో గ్రంథాలు వ్రాసి ఉన్నారు.